మార్కులు తగ్గిన మార్కు

పిల్లలకు ర్యాంకు వస్తే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతాం. కృతజ్ఞత కానుక వేస్తాం. మరి పిల్లలు తప్పితే? ఆ ఆదివారం ఎవరూ లేవరు. 'పాప ఎలా చదువుతోందండీ?' అని ఎవరైనా పలకరిస్తే 'దేవుని దయవల్ల బాగానే చదువుతోందండీ' అని తప్పించుకుంటాం. దేవుని పేరు చెప్పామే గాని నిజం చెప్పలేదని మన మనస్సాక్షికి తెలుసు.

మేము దాదాపు ఏడాదిపాటు అదే జవాబు చెప్పాం. అందుకే ఈ మాటలు రాస్తున్నాం.

మాది గుంటూరు. చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ ప్రాంతంలో ఉంటున్నాం. ఒక అమెరికన్ చర్చి భవనాన్ని అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం తెలుగులో ఆరాధించే చిన్న సంఘం మాది. మా అమ్మాయి 2020లో యూనివర్సిటీలో చేరింది. డాక్టరు కావాలన్నది తన కోరిక అని సంఘంలో అందరికీ చెప్పాం. నిజానికి ఆ కోరిక మాది. అవి కొవిడ్ రోజులు. పాఠాలు కంప్యూటరు తెరమీదే జరిగేవి. అర్థం కాని సంగతి అడగడానికి తనకు సిగ్గు. అర్థమైందా అని అడగడానికి మాకు తీరిక లేదు.

2022 మే నెలలో రెండేళ్ల చదువు ముగిసింది. చేతిలో 60 క్రెడిట్లు, 2.4 జీపీఏ మిగిలాయి. ఇక్కడ ఏ గ్రేడుకు 4, బీకి 3, సీకి 2, డీకి 1 చొప్పున పాయింట్లు వేసి, క్రెడిట్ల లెక్కన సగటు తీస్తారు. ఆ సగటే జీపీఏ. కెమిస్ట్రీలో సీ వచ్చింది. వైద్యరంగంలో ఏ చదువుకైనా పునాది లాంటి అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగంలో డీ వచ్చింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఏడ్చింది. ఏడ్చాక నెమ్మదిగా ఒక మాట చెప్పింది. 'నాన్నా, నాకు డాక్టరు చదువు వద్దు. నేను నర్సునవుతాను.'

అంతకు ముందు ఏడాది మా ఇంట్లో ఒకరు కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరారు. బంధువులను లోపలికి రానివ్వని రోజులవి. ఒక నర్సు ప్రతి రాత్రీ ఫోను పట్టుకుని మంచం పక్కన నిలబడి మాకు ఆ ముఖం చూపించేది. మేము ఆ నర్సుకు థ్యాంక్స్ చెప్పి మరచిపోయాం. మా అమ్మాయి మరచిపోలేదు.

ఖాళీగా వదిలిన గడి

నర్సింగ్ అంటే సీటు సులువుగా దొరుకుతుందని మేమనుకున్నాం. అది మా అజ్ఞానం. నర్సులు చాలరని ఒకవైపు అందరూ అంటూనే ఉంటారు. కాని నేర్పే అధ్యాపకులు, శిక్షణ ఇచ్చే ఆస్పత్రి స్థలాలు చాలక కాలేజీలు దరఖాస్తులను వెనక్కి పంపుతుంటాయి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ లెక్క ప్రకారం 2021లో డిగ్రీ, ఆపై స్థాయి నర్సింగ్ కోర్సుల్లో అర్హత ఉండి కూడా తిరస్కరణకు గురైన దరఖాస్తులు 91,938. అర్హత ఉన్నవారి సంగతే ఇలా ఉంటే, 2.4 జీపీఏతో మరో కాలేజీ నుంచి బదిలీ మీద వచ్చే పిల్లను ఎవరు చేర్చుకుంటారు?

అప్పుడే తెలిసినవారొకరు ఫోనులో సలహా ఇచ్చారు. 'ఆ పాత యూనివర్సిటీ సంగతే ఎత్తకండి. ఇప్పుడే ఇంటర్ అయిన పిల్లలా కొత్తగా అప్లై చేయించండి. పాత మార్కులు ఎవరడుగుతారు?'

ఆ సలహా మాకు తియ్యగా వినిపించింది. ఒక శనివారం రాత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాం. దరఖాస్తులో 'ఇంతకుముందు చదివిన కాలేజీలన్నిటి పేర్లు రాయండి' అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాం. మాలో ఒకరు ఫారం నింపారు, ఇంకొకరు పక్కనే కూర్చుని సరేనన్నారు. తప్పు ఇద్దరిదీ.

చివరి పేజీలో 'పైన రాసినదంతా నిజం' అని మా అమ్మాయి సంతకం చేయాలి. పిలిచాం. వచ్చి చదివింది. సంతకం చేయలేదు.

'నాన్నా, రేపు వార్డులో నేను ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాననుకోండి. ఎవరూ చూడలేదు. అప్పుడు చార్టులో ఆ గడి కూడా ఖాళీగా వదిలేయనా?'

మా దగ్గర జవాబు లేదు. మరునాడు మేము ఆరాధనకు వెళ్లాలి. ప్రభు బల్ల తీసుకోవలసిన ఆదివారం అది.

నర్సు చేతిలో రోగి ప్రాణం ఉంటుంది. పొరపాటు జరగని నర్సు లేదు. జరిగిన పొరపాటును వెంటనే చెప్పే నర్సు దగ్గర రోగి బతుకుతాడు, దాచే నర్సు దగ్గర చనిపోతాడు. ఆ వృత్తిలో మొదటి పాఠం కాలేజీలో చేరకముందే మా అమ్మాయి నేర్చుకుంది. మేము దాన్ని చెరిపేయబోయాం. తన అతిక్రమాలను కప్పుకొనేవాడు వర్ధిల్లడనీ, ఒప్పుకొని విడిచిపెట్టేవాడికి కనికరం దొరుకుతుందనీ సామెతల గ్రంథం 28వ అధ్యాయం బోధిస్తుంది. ఆ వాక్యం మీద మేమిద్దరం సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పినవాళ్లమే!

దాచడం పాపమే కాదు, తెలివితక్కువ కూడా. అమెరికాలోని కాలేజీల్లో అత్యధిక భాగం తమ విద్యార్థుల చేరిక వివరాలను నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ అనే సంస్థకు పంపుతాయి. ఎవరు ఎక్కడ చదివారో కొత్త కాలేజీ అక్కడ చూసుకోగలదు. దాచినట్టు తేలితే సీటు రద్దు చేయవచ్చు, చేరాక తేలినా బయటికి పంపవచ్చు. ఇదంతా మాకు ఆ తర్వాతే తెలిసింది. మా అమ్మాయి మాత్రం పట్టుబడతామన్న భయంతో ఆగలేదు.

ఆ గడి నింపాం. యూనివర్సిటీ పేరు రాశాం. అప్పుడు సంతకం చేసింది.

పెర్గేలో వెనుదిరిగిన యువకుడు

వారం తర్వాత మా అయ్యగారి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాం. ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బైబిలు తెరిచి, 'మార్కు సంగతి ఎప్పుడైనా వరుసగా చదివారా?' అని అడిగారు. ఆ సాయంత్రం నలుగురం కూర్చుని చదివాం.

మార్కు మంచి ఇంటి పిల్లవాడు. యెరూషలేములో అతని తల్లి మరియ ఇంట్లో విశ్వాసులు కూడుకొని ప్రార్థన చేసేవారు. పేతురు చెరసాల నుంచి విడుదలై నేరుగా వచ్చి తలుపు తట్టింది ఆ ఇంటిదే. బర్నబాకు అతడు దగ్గరి బంధువు. ఇంత నేపథ్యం ఉన్న కుర్రవాడిని బర్నబా, సౌలు తమ మొదటి సువార్త ప్రయాణానికి సహాయకుడిగా వెంట తీసుకెళ్లారు. కుప్ర ద్వీపం దాటి పంఫూలియాలోని పెర్గేకు చేరాక, అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో, మార్కు వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో లూకా రాయలేదు. వెళ్లిపోయాడన్నది మాత్రం రాశాడు.

15వ అధ్యాయంలో రెండో ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. మార్కును మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అన్నాడు. పని మధ్యలో వదిలి వెళ్లినవాడు తగడని పౌలు అన్నాడు. వాదం ముదిరి ఇద్దరూ విడిపోయారు. పౌలు సీలతో కలిసి వెళ్లాడు. బర్నబా మార్కును తీసుకుని ఓడ ఎక్కి కుప్రకు వెళ్లాడు.

'పౌలు అడ్మిషన్ కమిటీ లాంటివాడు,' అన్నారు అయ్యగారు నవ్వుతూ. 'ఆయన్ని తప్పుపట్టలేం. పని పెద్దది, ప్రాణాలతో చెలగాటం. పాత రికార్డు చూసి వద్దన్నాడు. అయితే అదే రికార్డు చూసి కూడా ఇంకో అవకాశం ఇచ్చిన బర్నబా ఒకడున్నాడు. మీరు వెతకవలసింది బర్నబాను.'

చాలా ఏళ్ల తర్వాత పౌలు చెరలో ఉండి రాసిన పత్రికల్లో మార్కు పేరు మళ్లీ కనిపిస్తుంది. కొలొస్సయులకు రాసిన పత్రికలో, అతడు మీ దగ్గరికి వస్తే చేర్చుకోండి అని సిఫారసు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో జతపనివారి జాబితాలో చోటు. చివరికి రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయంలో, మార్కును వెంటబెట్టుకుని రమ్మనీ, తన పరిచర్యకు అతడు ఉపయోగపడతాడనీ తిమోతికి కబురు. వద్దన్న నోటితోనే రమ్మన్నాడు! రెండో సువార్త ఈ మార్కు రాసిందేనని సంఘం తొలినుంచీ నమ్ముతోంది.

ఇక్కడ మమ్మల్ని కదిలించిన సంగతి ఒకటుంది. మార్కు పైకి వచ్చాడు కదా అని దేవుని వాక్యం 13వ అధ్యాయంలోని ఆ వచనాన్ని తీసేయలేదు. పెర్గేలో వెనుదిరిగాడన్న పాత రికార్డు అలాగే ఉంది. దాని తర్వాత కొత్త పేజీలు చేరాయి. దేవుడు క్షమించడమంటే పాత మార్కుల కాగితం చింపేయడం కాదు. దాని కింద ఇంకో వరుస రాయనివ్వడం.

పెన్సిలుతో వేసిన లెక్క

మాకు బర్నబా ఒక కమ్యూనిటీ కాలేజీ సలహాదారు రూపంలో దొరికింది. ఆమె మా అమ్మాయి ట్రాన్‌స్క్రిప్టు చూసి ముఖం చిట్లించలేదు, తప్పుడు ధైర్యమూ చెప్పలేదు. పెన్సిలు తీసుకుని లెక్క వేసింది. మనవాళ్లలో ఎందరికో ఉపయోగపడుతుందని ఆ లెక్కను వివరంగా ఇస్తున్నాం.

మొత్తం 60 క్రెడిట్లకు 2.4 ఉన్నవారు దాన్ని 3.0 చేయాలంటే, ఇంకో 36 క్రెడిట్లు చదివి అన్నిటిలోనూ ఏ తెచ్చుకోవాలి. ఏడాదికి పైగా ఒక్క బీ కూడా రాకుండా చదవడమన్నమాట. అందుకని మొత్తం జీపీఏ మీదే కళ్లు పెట్టుకోవద్దని ఆమె చెప్పింది. చాలా నర్సింగ్ కోర్సులు నర్సింగ్‌కు ముందు చదవవలసిన సబ్జెక్టుల సగటును విడిగా చూస్తాయి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ, ఇంగ్లిష్ వంటివి అవి. ఏవేవి కావాలన్నది ప్రతి కాలేజీకీ వేరు. కొన్ని కాలేజీలు చివరి 60 క్రెడిట్లనే చూస్తాయి. సైన్సు సబ్జెక్టులు చదివి కొన్నేళ్లు దాటితే మళ్లీ చదవమనేవీ ఉన్నాయి.

మా అమ్మాయి ఆ సబ్జెక్టుల్లో అప్పటికి చదివినవి నాలుగు. వాటి క్రెడిట్లు 14, సగటు 2.14. ఆ తర్వాత అనాటమీ మొదటి భాగం మళ్లీ చదివి ఏ, రెండో భాగంలో బీ, మైక్రోబయాలజీలో ఏ, స్టాటిస్టిక్స్‌లో ఏ తెచ్చుకుంది. కెమిస్ట్రీ సీని అలాగే ఉంచింది. కొత్త గ్రేడు వచ్చాక పాత డీని లెక్కలోంచి తీసేసే కాలేజీలో తన సగటు 3.28. రెండు గ్రేడులూ లెక్కించే కాలేజీలో అదే పిల్ల సగటు 2.97. చూడండి, ఒకే పిల్ల, ఒకే చదువు. ఒక గుమ్మం దగ్గర 3.0 దాటింది, ఇంకో గుమ్మం దగ్గర దాటలేదు. ఇక మొత్తం జీపీఏ అంటారా, అంత కష్టపడ్డాక కూడా 2.4 నుంచి 2.67కే చేరింది.

కాబట్టి దరఖాస్తుకు ముందు ప్రతి కాలేజీనీ కొన్ని ప్రశ్నలు అడగాలి. తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివితే ఏ గ్రేడు లెక్కిస్తారు? ఎన్నిసార్లు చదవనిస్తారు? కొన్నిచోట్ల రెండుసార్లకు మించి ఒప్పుకోరు. మొత్తం సగటు చూస్తారా, ఆ సబ్జెక్టులదే చూస్తారా? వేరే కాలేజీ నుంచి తెచ్చిన క్రెడిట్లలో వేటిని ఒప్పుకుంటారు? జవాబులను ఈమెయిల్లో రాయించుకోవాలి.

ఇంకో మాట. నర్సు కావడానికి నాలుగేళ్ల బీఎస్‌ఎన్ డిగ్రీ ఒక్కటే దారి కాదు. కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ అనే కోర్సు ఉంది. ముందస్తు సబ్జెక్టులు అయ్యాక దాదాపు రెండేళ్లు. ఏడీఎన్ చదివినా బీఎస్‌ఎన్ చదివినా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుకు రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ఏడీఎన్ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ బీఎస్‌ఎన్ పూర్తిచేయవచ్చు. టెక్సాస్‌లో ఎల్‌వీఎన్ అనే సుమారు ఏడాది కోర్సుతో మొదలుపెట్టి, అక్కడినుంచి రిజిస్టర్డ్ నర్సుగా ఎదిగే మెట్లూ ఉన్నాయి. మన దగ్గర మూడేళ్ల జీఎన్‌ఎం చదివినవారు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసినట్టే ఇది కూడా.

ఇల్లు, పిల్లలతో చదువు ఆపేసిన తల్లులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఇక్కడి కాలేజీలో ఎప్పుడో తప్పి మానేసినవారు, టెక్సాస్‌లో అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అనే చట్టం ఉందని తెలుసుకోండి. పదేళ్లు, అంతకుమించి పాతవైన క్రెడిట్లను ప్రభుత్వ కాలేజీ ప్రవేశంలో లెక్కించవద్దని కోరే హక్కు అది ఇస్తుంది. అయితే ఆ పాత క్రెడిట్లలో పాసైనవి కూడా పోతాయి. ఆలోచించి అడగాలి.

ఎందుకు తప్పింది?

సలహాదారు చివరగా ఒక ప్రశ్న వేసింది. 'గ్రేడ్లు సరే, ఎందుకు తగ్గాయి? అది మారకపోతే రెండోసారీ అదే వస్తుంది.'

మారుమనస్సు అంటే మనం కన్నీళ్లనుకుంటాం. అసలు అర్థం తిరగడం, నడిచే దారి మార్చుకోవడం. మా అమ్మాయి ఒకే సెమిస్టరులో మూడు సైన్సు సబ్జెక్టులు తీసుకుంది. తెలియనిది అడగలేదు. పరీక్ష ముందు రాత్రి నిద్ర మాని చదివింది. ఈసారి సెమిస్టరుకు ఒక్క సైన్సు సబ్జెక్టే తీసుకుంది. వారానికి రెండుసార్లు కాలేజీ ట్యూటరింగ్ సెంటరులో కూర్చుంది. ఎముకల పేర్లు, కండరాల పేర్లు మా వంటింటి గోడలనిండా అంటించింది. చపాతీలు వత్తుతూ మేమూ అడిగేవాళ్లం, తను చెప్పేది.

దాంతోపాటు నర్స్ ఎయిడ్ శిక్షణ పొందింది. దానికి కనీసం 75 గంటలు ఉండాలని ఈ దేశపు కేంద్ర నిబంధన. తర్వాత ఒక వృద్ధాశ్రమంలో వారాంతపు పని దొరికింది. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, అన్నం తినిపించడం. మొదటి రోజు ఇంటికి వచ్చి చేతులు చాలాసేపు కడుక్కుంది. మానేస్తుందేమో అనుకున్నాం. రెండో వారం కూడా వెళ్లింది. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును గురించి మేము ఎన్నో ప్రసంగాలు విన్నాం. తువాలు కట్టుకున్నది మాత్రం మా అమ్మాయే.

దొంగ గుమ్మం

2023 జనవరిలో ఒక వార్త దేశమంతా గుప్పుమంది. ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుమీద 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు అమ్మారని అమెరికా న్యాయశాఖ ప్రకటించింది. ఆ దర్యాప్తు పేరు ఆపరేషన్ నైటింగేల్. తరగతికి వెళ్లకుండా, రోగిని ముట్టుకోకుండా, వేల డాలర్లు పెట్టి కొన్న కాగితాలవి. వాటితో లైసెన్సు పరీక్ష రాసి పాసైనవారూ ఉన్నారు. ఆస్పత్రుల్లో పనికి చేరినవారూ ఉన్నారు.

సంఘంలో చాలామంది ఆ వార్త చూసి 'ఎంత దుర్మార్గం!' అన్నారు. మేము మాత్రం తలెత్తలేకపోయాం. ఏడు నెలల క్రితం మేము ఖాళీగా వదిలిన గడి కళ్లముందు కనిపించింది. వాళ్లు మొత్తం కాగితం అబద్ధం చేశారు, మేము ఒక గడిని అబద్ధం చేయబోయాం. తేడా కొలతలోనే. దారి ఒకటే.

మార్కులు తగ్గిన పిల్లల తల్లిదండ్రులనే ఇలాంటి దళారులు వెతుక్కుంటూ వస్తారు. 'క్లాసులు అక్కర్లేదు, మార్కులు అక్కర్లేదు, డబ్బు కడితే చాలు' అన్న మాట వినిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఏ స్కూలుకైనా ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి ఉందో లేదో, అక్కడ చదివినవారిలో ఎందరు లైసెన్సు పరీక్ష పాసయ్యారో ముందుగా చూసుకోండి.

అమ్మమ్మ దాచిన సంగతి

2023 చివర్లో మా అమ్మాయి టీస్ అనే ప్రవేశ పరీక్ష రాసింది. రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ కలిపి 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. మూడు చోట్ల దరఖాస్తు చేసింది. వ్యాసంలో తన డీ గురించి సాకులు లేకుండా నాలుగు వాక్యాలు రాసింది. ఏం జరిగింది, ఏం మార్చుకుంది, తర్వాత ఏం వచ్చింది. అంతే.

2024 మార్చిలో మొదటి కాలేజీ కాదంది. రెండు గ్రేడులూ లెక్కించే కాలేజీ అది. వారం తర్వాత రెండోది కూడా కాదంది. మూడోది వెయిటింగ్ లిస్టులో పెట్టింది.

ఆ రాత్రి గుంటూరు నుంచి అమ్మమ్మ వీడియో కాల్ చేశారు. ఆమె ఒకప్పుడు మిషన్ ఆస్పత్రిలో నర్సు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ గురించి, ఆమె వేసిన బాట గురించి మాకు కథలుగా చెప్పింది ఆవిడే. ఇతరులు చిన్నచూపు చూసిన రోజుల్లో నర్సు పనిని మన క్రైస్తవ ఇళ్ల ఆడపిల్లలు తలమీదికెత్తుకున్నారు. వేలూరులో 1909లో నర్సింగ్ స్కూలు మొదలై, 1946 నాటికి అక్కడే డిగ్రీ కోర్సు వచ్చిందంటే ఆ పిల్లల కష్టమే పునాది. అలాంటి ఇంట్లో పుట్టి మేము నర్సింగ్‌ను రెండో రకం చదువనుకున్నాం!

మనవరాలు ఏడుస్తుంటే అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు. 'బుజ్జమ్మా, నీకో సంగతి చెప్పనా? నేను ఎస్సెస్సెల్సీలో లెక్కలు తప్పాను. మళ్లీ కట్టి పాసయ్యాను. మీ తాతయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకూ తెలియదు.'

నిజంగానే తెలియదు. అరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట బయటికి రాలేదు. 'లెక్కలు తప్పినదాన్ని కదా, మందు కొలిచేటప్పుడు రెండుసార్లు లెక్క చూసుకునేదాన్ని. నా సర్వీసులో అదే నన్ను కాపాడింది తల్లీ' అన్నారావిడ.

మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. 'ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా అమ్మమ్మా!' అంది.

ఆ మాట అమ్మమ్మకే కాదు, మాకూ తగిలింది.

2024 జులైలో వెయిటింగ్ లిస్టు కదిలింది. ఆగస్టులో మా అమ్మాయి ఏడీఎన్‌లో చేరింది. మొదటి సెమిస్టరులో మందుల మోతాదు లెక్కల పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో తన మార్కులు చూసి అమ్మమ్మకు ఫోను చేసింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

సాక్ష్యం చెప్పే రోజు

సీటు వచ్చిందని ఈ సాక్ష్యం రాయడం లేదు. సీటు రాకముందే మేము సంఘంలో నోరు విప్పాం. 2022 ఆఖర్లో ఒక కుటుంబ ప్రార్థనలో, 'మా అమ్మాయి చదువులో తప్పింది, మేము మీకు అబద్ధం చెప్పాం, ప్రార్థించండి' అని చెప్పాం. గదిలో కాసేపు నిశ్శబ్దం. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో మేము కూడా మాట్లాడుకోలేదు. ఆ వారంలోనే మూడు కుటుంబాలు ఫోను చేశాయి. ఒకరి అబ్బాయిని కాలేజీ నుంచి పంపేసి ఏడాదయింది, ఇంకా రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికి వెళుతున్నాడట. ఆ పిల్లవాడు రోజంతా ఎక్కడ కూర్చుంటున్నాడో తల్లికి తెలియదు. మేము నోరు విప్పకపోతే ఆమె కూడా విప్పేది కాదు.

ఆలోచించండి. ఆ పిల్లవాడికి మనం దేవుని ప్రేమ గురించి చెప్పలేదా? చెప్పాం. కాని ర్యాంకు వచ్చినవాళ్లనే ముందుకు పిలిచి చప్పట్లు కొట్టాం. తప్పినవారికి ఇక్కడ చోటు లేదని అతడు మన చప్పట్లలో విన్నాడు. మార్కు పెర్గే నుంచి తిరిగి వచ్చినప్పుడు తల్లి మరియ తలుపు తీసే ఉంటుంది. ప్రార్థన జరిగే ఆ ఇంట్లో అతడు తలదాచుకోగలిగాడు గనుకే బర్నబా వచ్చేనాటికి అతడు దొరికాడని మేము నమ్ముతున్నాం.

పరీక్ష ఫలితాల కాలం ప్రతి ఏడాదీ వస్తుంది. డాలస్‌లోనైనా గుంటూరులోనైనా ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల మార్కుల కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఆమెకు ముందు చెప్పవలసిన మాట 'ఎవరికీ చెప్పకు' అన్నది కాదు. 'కూర్చో, ఎక్కడ తప్పిందో చూద్దాం' అన్నది. ఆ తర్వాత పెన్సిలు తీసుకోండి. మీరు ఎప్పుడైనా తప్పి ఉంటే ఆ సంగతి కూడా ఆ రాత్రే చెప్పేయండి, అరవై ఏళ్లు ఆగవద్దు.

ఇప్పుడు మా అమ్మాయి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆస్పత్రి శిక్షణకు బయలుదేరుతుంది. నీలం యూనిఫాం, జేబులో చిన్న నోటు పుస్తకం. మందు కొలిచిన ప్రతిసారీ రెండుసార్లు లెక్క చూసుకుంటుందట. అది అమ్మమ్మ నేర్పిన అలవాటు.